పందికొక్కు పేరు పెట్టుకున్న జంతువు, మన పాడి ఆవు

2022 సంవత్సరంలో ముద్దచర్మ వ్యాధి, అనగా లంపీ స్కిన్ రోగం, దేశమంతటా పాకిన నాటి నుండి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడల్లా సభ్యులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతున్నారు. "ఆవుకు గడ్డలు లేస్తే వచ్చి చెక్కు గీక్కోని సీసాలో ఏసుకోని పోతారు సార్. అదేదో జన్యు పరీక్ష అంటారు. దాంతో మా ఆవుకేం లాభం?" అని. ప్రశ్న న్యాయమైనదే. ఆ పరీక్ష వలన ఆ ఆవుకు ఆ రోజున ఏ మేలూ లేదు. గ్రామంలోని మిగిలిన ఆవులకు, రాబోయే సంవత్సరపు ఆవులకు ఉన్నది. అది ఎట్లాగో ఈ వ్యాసంలో వివరించడానికి ప్రయత్నిస్తాము. మేము పశువైద్యులము కాము, సంఘాల లెక్కలు చూసేవారము. అయితే ఈ విషయం అర్థం చేసుకోవడానికి లెక్కల పుస్తకాలు చూసే అలవాటే మాకు బాగా అక్కరకు వచ్చినది.

ముందుగా పాఠకులను కొంచెం దూరం, ఆస్ట్రేలియా దాకా తీసుకొనిపోవలసి ఉన్నది. అక్కడి నుండి మన పశువుల కొట్టానికి తిరిగి వస్తాము.

పందికొక్కును మన రైతుకు పరిచయం చేయనవసరం లేదు. శనక్కాయ చేలో బొరియలు తవ్వేది అదే, గడ్డివాము అడుగున కాపురం పెట్టేది అదే, దాణా బస్తాలు కొరికేది అదే. దాని మూత్రం వలన లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి వ్యాపించి ఆవులు ఈసుకుపోవడం కూడా కలదు గనుక దాణా గదిలో దానిని ఉండనీయరాదు. ఇది ప్రసంగవశాత్తు చెప్పిన మాట. అసలు సంగతి ఏమనగా, మన తెలుగు మాట 'పందికొక్కు'నే తెల్లవారు తమ భాషలోనికి 'బాండికూట్' అని తీసుకొనిపోయినారు. తరువాత ఆస్ట్రేలియాలో మూతి పొడవుగా ఉండి, నేల తవ్వుతూ తిరిగే ఒక చిన్న జంతువును చూచి దానికీ అదే పేరు తగిలించినారు. ఆ జంతువుకూ మన పందికొక్కుకూ చుట్టరికం ఏమీ లేదు. అది కంగారూ వలె సంచి జంతువు. పిల్లను పొట్టమీది సంచిలో పెట్టుకొని పెంచుతుంది. కంగారూ సంచి నోరు పైకి ఉంటే దీని సంచి నోరు వెనుకకు ఉంటుంది. తవ్వేటప్పుడు మన్ను పిల్ల మీద పడకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు అది.

ఈ బాండికూట్లలో పడమటి చారల బాండికూట్ అని ఒక జాతి కలదు. ఒకప్పుడు ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో విస్తారంగా తిరిగిన ఈ జాతి అక్కడ పూర్తిగా నశించి, పడమటి తీరంలోని బెర్నియర్, డోర్ అనే రెండు చిన్న దీవులలో మాత్రం మిగిలినది. జాతిని నిలబెట్టాలని అక్కడి వారు కొన్నింటిని పట్టి తెచ్చి, రక్షణలో ఉంచి పెంచడం మొదలుపెట్టినారు. అంతలో వాటి పెదవుల మీద, కనురెప్పల మీద, కాళ్ళ మీద పులిపిరుల వంటివి లేవసాగినవి. కొన్నింటిలో అవి పుండ్లుగా మారి క్యాన్సరుకు దారితీసినవి. పెంపకం పథకమే ఆగిపోయే పరిస్థితి ఏర్పడినది. రోగం ఉన్న జంతువును తీసుకొనిపోయి ఆరోగ్యంగా ఉన్న మందలో వదలడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది?

పులిపిరులు అనగానే మన సభ్యులకు ఆవు చన్నుల మీద లేచేవి గుర్తుకు రావచ్చును. పోలిక సరియైనదే. ఆవులలో పులిపిరులు తెప్పించేది పాపిల్లోమా వైరస్ కుటుంబానికి చెందిన వైరస్. ఈ ఆవు వైరస్ రకాలలో మొదటిదాని జన్యు లిపిని 1982లోనే పూర్తిగా చదివినారు. దానిలో 7,945 అక్షరాలు ఉన్నవి. కాబట్టి బాండికూట్లలోనూ అటువంటిదే ఏదో ఒక వైరస్ ఉండి ఉంటుందని శాస్త్రజ్ఞులు ఊహించినారు. వెతికి చూస్తే సగం ఊహ నిజమైనది, సగం తారుమారైనది. 2007లో ప్రకటించిన ఆ ఫలితం ఏమిటో చెప్పే ముందు 'అక్షరాలు' అన్న మాటను కొంచెం విడమరచవలసి ఉన్నది.

వైరస్ అంటే పెద్దగా ఏమీ లేదు. తన వంటి మరొక దానిని తయారు చేసుకోవడానికి కావలసిన ఆజ్ఞలు వ్రాసి ఉన్న ఒక పట్టీ, దాని చుట్టూ ఒక పొర. ఆ పట్టీలో వ్రాత నాలుగే నాలుగు రసాయన అక్షరాలతో నడుస్తుంది. వాటిని ఏ, టి, జి, సి అని గుర్తులు పెట్టి వ్రాస్తారు. బాండికూట్ వైరస్‌లో ఈ అక్షరాలు 7,295. ముద్దచర్మ వైరస్‌లో సుమారు 1,51,000. గాలికుంటు వైరస్‌లో ఎనిమిది వేల పైచిలుకు. మొదటి రెండింటి పట్టీ డి.ఎన్.ఎ. అనే పదార్థంతోనూ, గాలికుంటు పట్టీ ఆర్.ఎన్.ఎ. అనే పదార్థంతోనూ ఏర్పడినవి. ఆర్.ఎన్.ఎ. పట్టీలో టి స్థానంలో యు అనే అక్షరం ఉంటుంది. జన్యు నిర్ధారణ అంటే ఈ అక్షరాలను వరుసగా చదివి, ఇదివరకు తెలిసిన వైరస్‌ల అక్షరాలతో పోల్చి చూడడమే.

పోల్చి చూస్తే ఏమి తెలుస్తుంది? ఇక్కడే మా వృత్తి అక్కరకు వచ్చినది. సంఘం తనిఖీలో రెండు పుస్తకాలు వేరువేరుగా వ్రాసినవని చెప్పినప్పుడు మేము మొదట చూసేది ఒప్పులను కాదు, తప్పులను. ఒప్పు లెక్క ఇద్దరు వ్రాసినా ఒకటే వస్తుంది. కానీ మూడవ పుటలో 384 వ్రాయవలసిన చోట 348 అని రెండు పుస్తకాలలోనూ ఉంటే, ఒకదానిని చూచి మరొకటి వ్రాసినారని వెంటనే తెలిసిపోతుంది. మొదటి పుస్తకంలో లేని కొత్త తప్పు రెండవదానిలో ఉన్నదనుకోండి. మూడవ పుస్తకంలో పాత తప్పూ, ఈ కొత్త తప్పూ రెండూ ఉంటే అది రెండవ పుస్తకం నుండి దిగినదని అర్థం. వైరస్ కూడా పశువు ఒంట్లో లక్షల ప్రతులు వ్రాసుకుంటుంది. వ్రాసేటప్పుడు అక్కడొక అక్షరం ఇక్కడొక అక్షరం తప్పుతుంది. ఆ తప్పు తరువాతి ప్రతులన్నిటికీ సంక్రమిస్తుంది. గాలికుంటు వైరస్ తొందరపాటు గుమాస్తా వంటిది, తప్పులు ఎక్కువ. ముద్దచర్మ వైరస్ నిదానస్తుడు, తప్పులు తక్కువ. తప్పుల వరుసను పట్టుకొని వెనుకకు పోతే, ఈ వైరస్ ఎక్కడి నుండి, ఎవరి ద్వారా వచ్చినదో చాలావరకు చెప్పవచ్చును.

చదవడానికి సరిపడా పదార్థం చెక్కులో ఉంటుందా అని కొందరికి సందేహం. ఉండదు. అందుకే దానిని పెంచుతారు. చెంచాడు తోడుతో కుండెడు పాలు పెరుగైనట్లు, పి.సి.ఆర్. అనే పద్ధతిలో ఒక పట్టీని రెండు, రెండింటిని నాలుగు, నాలుగింటిని ఎనిమిది చేసుకుంటూ పోతారు. ముప్పై సార్లు ఇట్లా రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం ఒకటి నూట ఏడు కోట్లు దాటుతుంది. నమ్మకం లేని వారు కాగితం మీద వేసి చూసుకోవచ్చును. అయితే ఈ పద్ధతికి చిక్కు ఒకటి ఉన్నది. పట్టీ మొదలు, చివర ఎట్లా ఉంటాయో ముందే కొంత తెలిసి ఉండాలి. బాండికూట్ వైరస్ ఎవరికీ తెలియని కొత్త వైరస్. దాని పట్టీ మొదలూ చివరా లేకుండా గుండ్రంగా ఉంటుంది కూడా. అందువలన అక్కడ గానుగ పద్ధతి వంటిది వాడినారు. చెరకు గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్లు, ప్రతులు వ్రాసే ఎంజైము ఆ గుండ్రని పట్టీ చుట్టూ ఆగకుండా తిరుగుతుంది. ఒక్కొక్క చుట్టుకూ ఒక్కొక్క ప్రతి, పొడవైన దారం వలె బయటికి వస్తూ ఉంటుంది.

ఇట్లా చదివితే తేలినది ఏమనగా, ఆ వైరస్‌లో పై పొరను తయారు చేసే ఆజ్ఞలు పాపిల్లోమా వైరస్‌వి. కణాన్ని లోబరచుకొని దారి తప్పించే ఆజ్ఞలు మాత్రం పాలియోమా అనే వేరే కుటుంబపు వైరస్‌వి. ఒక సంఘపు పాల రిజిస్టరు అట్టలో మరొక సంఘపు నగదు పుస్తకం పుటలు కుట్టినట్లున్నది. ఈ రెండు కుటుంబాలు ఒకే వైరస్‌లో కలిసి ఉండడం అంతకు ముందు ఎవరూ చూసి ఉండలేదు. మరుసటి సంవత్సరం, 2008లో, దక్షిణపు గోధుమరంగు బాండికూట్ అనే ఇంకొక జాతి పులిపిరులను పరీక్షిస్తే దానిలోనూ ఇటువంటి కలగూర వైరస్ కనబడినది. అయితే అదే వైరస్ కాదు, దాని దాయాది. అక్షరాలలో తేడాలు ఉన్నవి. అనగా ఒక జంతువు నుండి మరొక జంతువుకు నిన్న మొన్న అంటినది కాదు, ఒక్కొక్క జాతికి దాని వైరస్ దానికి చాలా కాలంగా ఉన్నదని భావించవచ్చును. జంతువులను పెంచేవారికి ఈ కబురు చాలా విలువైనది. గుర్తించడానికి పరీక్ష దొరికినది, ఏ జంతువును మందలో కలపాలి, దేనిని వేరుగా ఉంచాలి అన్నది తేల్చుకోవడానికి దారి ఏర్పడినది.

సంచి జంతువుల సంగతి మన పాడికి ఏమి సంబంధం అనుకోవద్దు. న్యూజీలాండ్ పాడి పరిశ్రమ కథ చదివినవారికి తెలుస్తుంది. బొచ్చు వ్యాపారం కొరకు ఆస్ట్రేలియా నుండి తెచ్చి వదిలిన పోసమ్ అనే సంచి జంతువు అక్కడ అడవులలో విపరీతంగా పెరిగిపోయినది. 1967లో ఆ పోసమ్‌లలో పశువుల క్షయ బయటపడినది. ఎన్ని ఆవులను పరీక్షించి తీసివేసినా క్షయ మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తున్నదో అప్పుడు అర్థమైనది. అది వైరస్ కాదు, బాక్టీరియా. కానీ తరువాతి కాలంలో ఆవులలోని క్షయ క్రిమి అక్షరాలను, పోసమ్‌లలోని క్రిమి అక్షరాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే వంశంవి అని తేలినది. అడవిని వదిలిపెట్టి కొట్టాన్ని ఒక్కదానినే శుభ్రం చేస్తే చాలదని ఋజువైనది. అక్కడి పాడి రైతులు నేటికీ తమ సొమ్ములో కొంత భాగం పోసమ్‌ల అదుపుకు పెడుతున్నారు.

ఇక మన కొట్టానికి వద్దాము.

ముద్దచర్మ వ్యాధిని మొదట 1929లో ఆఫ్రికాలోని నేటి జాంబియా దేశంలో గుర్తించినారు. చాలా కాలం ఆ ఖండంలోనే ఉండి, తరువాత పశ్చిమ ఆసియాకు, ఐరోపాకు, రష్యాకు పాకినది. మన దేశంలో 2019 ఆగస్టులో ఒరిస్సాలో, నేటి ఒడిశాలో, మొదట కనబడినది. 2022లో గుజరాత్, రాజస్థాన్‌లలో మొదలై దేశంలో లక్షకు పైగా పశువులను బలి తీసుకొన్నది. కుట్టే ఈగలు, దోమలు, గోమార్లు దీనిని మోస్తాయి. మనుష్యులకు రాదు. ఈ మాట మళ్ళీ చెబుతున్నాము, మనుష్యులకు రాదు. కాచిన పాలకు, పాశ్చురైజు చేసిన పాలకు దీని వలన భయం లేదు. సూది మందులు వాడుతున్న ఆవు పాలను డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా సంఘానికి పోయరాదు, అది వేరే కారణం.

2019 నాటి వైరస్‌ను రాంచీ వద్ద ఆవుల నుండి తీసి చదివితే, దాని తప్పుల వరుస కెన్యా దేశపు వైరస్‌తో దగ్గరగా సరిపోయినది. మరి 2022లో అంత తీవ్రంగా ఎందుకు వచ్చినది? బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్య ఉత్పల్ టాటూ గారి బృందం గుజరాత్, మహారాష్ట్ర, రాజస్థాన్, కర్ణాటక రాష్ట్రాల పశువుల నుండి చెక్కులు, రక్తం, ముక్కు స్రావం సేకరించి, 22 నమూనాల పూర్తి అక్షరమాల చదివినది. 2024లో ప్రకటించిన ఆ ఫలితాల ప్రకారం 1,800కు పైగా తేడాలు కనబడినవి. నమూనాలు రెండు గుంపులుగా విడిపోయినవి. తేడాలు తక్కువగా ఉన్న గుంపు 2019 రాంచీ, 2020 హైదరాబాదు వైరస్‌లకు దగ్గరి బంధువు. తేడాలు ఎక్కువగా ఉన్న గుంపు 2015లో రష్యాలో రోగం తెచ్చిన వైరస్‌ను పోలి ఉన్నది. అంటే మనకు వచ్చినది ఒకే వైరస్ అనుకొని కూర్చుంటే పొరపాటు. తేడాలలో చాలా భాగం వైరస్ పశువు కణానికి అంటుకోవడానికి, పశువు రోగనిరోధక శక్తిని తప్పించుకోవడానికి పనికివచ్చే జన్యువులలోనే ఉన్నవి.

ఆ 22 నమూనాలు ఎక్కడివి? ఎవరో రైతుల ఆవులవే. కర్ణాటక నమూనాలు అంటే మనకు పక్క ఇల్లే. హిందూపురం దాటితే గౌరీబిదనూరు, మడకశిర దాటితే మధుగిరి. దోమకు చెక్‌పోస్టు లేదు. హైదరాబాదు–బెంగళూరు రహదారి పెనుకొండ మీదుగా పోతుంది, రైలు దారులు ధర్మవరంలో కలుస్తాయి. పశువుల లారీలు రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉంటాయి. పశు రోగాల జాడ తీసే జాతీయ సంస్థ నివేదీ బెంగళూరు ఎలహంకలోనే ఉన్నది, హిందూపురానికి వంద కిలోమీటర్ల లోపు. ఇంత దగ్గర ఉండి కూడా మన ప్రాంతపు నమూనాలు అందకపోతే మన వైరస్ ఏ గుంపుదో ఊహించుకోవలసిందే తప్ప తెలుసుకోలేము.

టీకా సంగతి కూడా ఇందులోనే ముడిపడి ఉన్నది. మేకల బొబ్బ రోగం టీకా ఆవులకు వేయడం చూచి "మేక మందు ఆవుకెందుకు?" అని సంఘాలలో చాలామంది నవ్వినారు. నవ్వవలసిన పని లేదు. మేక బొబ్బ వైరస్, గొర్రె బొబ్బ వైరస్, ముద్దచర్మ వైరస్ మూడూ ఒకే ప్రజాతివి. నూరు అక్షరాలలో 96, 97 వరకు ఒకటిగానే ఉంటాయి. ఒకదానిని గుర్తుపట్టిన శరీరం రెండవదానిని కూడా చాలా వరకు గుర్తుపడుతుంది. అక్షరాలు చదివి ఉండకపోతే ఈ ధైర్యం ఎవరు చేసేవారు? తరువాత హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, ఇజత్‌నగర్‌లోని భారతీయ పశువైద్య పరిశోధన సంస్థ కలిసి అదే రాంచీ వైరస్‌ను బలహీనపరచి ఆవులకు సొంత టీకా తయారు చేసినవి. దానిని 2022 ఆగస్టు 10న విడుదల చేసినారు. రాంచీలో ఆ రోజున నమూనా ఇవ్వకుండా కొట్టం తలుపు మూసుకొని ఉంటే ఆ టీకాకు బీజం దొరికేది కాదు.

టీకాలన్నీ మంచివేనా అంటే, జాగ్రత్త లేని టీకా ప్రమాదమే అని కూడా ఈ అక్షరాలే చెప్పినవి. 2017లో రష్యాలో ఒక విచిత్రమైన ముద్దచర్మ వైరస్ దొరికినది. 2019లో చైనాలోనూ అటువంటిదే కనబడినది. చదివితే అందులో కొన్ని భాగాలు టీకాలో వాడే వైరస్‌వి, మరికొన్ని భాగాలు కెన్యా జాతివి. బాండికూట్ కథ మళ్ళీ చదివినట్లే ఉన్నది కదా! తరువాత ఆ ప్రాంతంలో వాడిన ఒక టీకా సీసాలను పరీక్షిస్తే, ఒకే వైరస్ ఉండవలసిన చోట రెండు రకాల ముద్దచర్మ వైరస్‌లు, వాటితోపాటు మేక బొబ్బ వైరస్ కూడా కలిసి ఉన్నట్లు బయటపడినది. కల్తీ పాల వలె కల్తీ టీకా. అందుచేత సంతలో ఎవరో తెచ్చి అమ్మే మందు చౌకగా వచ్చినదని వేయించుకోవద్దు. ప్రభుత్వ పశువైద్యశాల ద్వారా వచ్చినదే వేయించాలి, సీసా బ్యాచి నంబరు వ్రాసుకోవాలి. ఇప్పటికే జ్వరం, గడ్డలు ఉన్న పశువుకు టీకా వేయించరాదు. ఒకే సూదితో ఊరంతా పొడవడం అసలే పనికిరాదు. సూది కూడా దోమ పనే చేస్తుంది.

అడవి జంతువుల విషయం కూడా మనకు సంబంధం లేనిది కాదు. 2022 రోగం నాడు రాజస్థాన్‌లో స్వేచ్ఛగా తిరిగే చింకారా జింకలలో కూడా గడ్డలు కనబడినవి. భోపాల్‌లోని జాతీయ ఉన్నత భద్రత పశురోగ సంస్థ వారు ఆ జింకల వైరస్‌ను, ఆవుల వైరస్‌ను పక్కపక్కన పెట్టి చదివితే రెండింటికీ మూలం ఒకటేనని, ఆవులకూ జింకలకూ మధ్య వైరస్ తిరుగుతున్నదని తేలినది. మన చేల మీదికి జింకలు రావడం, చెరువు గట్టున పశువులు తాగే చోటనే అవీ తాగడం కొత్త కాదు. కనుక జింక చచ్చి పడి ఉంటే, ఒంటి మీద గడ్డలు ఉంటే, దాని జోలికి పోకుండా అటవీ శాఖ వారికి, పశువైద్యునికి తెలియజేయాలి. తోలు కొరకో మాంసం కొరకో తాకితే చట్టరీత్యా నేరం కూడాను.

పెద్దరోగం గుర్తున్న వృద్ధులు మన గ్రామాలలో ఇంకా ఉన్నారు. ఊరికి ఊరే పశువులు లేకుండా పోయిన రోజులు అవి. 1890 ప్రాంతంలో అదే రోగం ఆఫ్రికాలో పశువులతోపాటు అడవి దున్నలను, జిరాఫీలను కూడా తుడిచిపెట్టినది. మన దేశంలో చివరి కేసు 1995లో. 2006లో దేశం, 2011లో ప్రపంచం ఆ రోగం నుండి విముక్తి పొందినట్లు ప్రకటించినారు. టీకాతోపాటు, ఎక్కడ మళ్ళీ తలెత్తినా ఆ వైరస్ ఆసియా వంశందా, ఆఫ్రికా వంశందా అని అక్షరాలు చూచి, మూలం దగ్గరే అణచడం కూడా ఆ విజయంలో భాగమే. గాలికుంటు విషయంలో నేడు ఆ పనే జరుగుతున్నది. మన దేశంలో ఓ, ఏ, ఏషియా-1 అనే మూడు రకాలు ఉన్నవి. నాలుగవదైన సి రకం 1995 తరువాత కనబడలేదు. భువనేశ్వర్ సమీపంలోని జాతీయ గాలికుంటు సంస్థకు వచ్చే నమూనాలను చదివి, టీకాలోని వైరస్‌కు, పొలంలోని వైరస్‌కు పొంతన ఉన్నదా లేదా అని చూస్తూ ఉంటారు. పొంతన తప్పితే టీకా మార్చాలి. నమూనా రాకపోతే తప్పినట్లు ఎవరికీ తెలియదు, టీకా వేయించిన ఆవుకు కూడా కాళ్ళు పగులుతాయి, రైతు టీకానే తిట్టుకుంటాడు.

ఇంత చెప్పిన మీదట మాకు బాధ కలిగించే విషయం ఒకటి వ్రాయకుండా ఉండలేము. పెనుకొండ వైపు ఒక సంఘంలో, పేరు అవసరం లేదు, ఒక సభ్యుని ఆవుకు నాలుగు గడ్డలు లేచినవి. చెబితే సంఘంలో పాలు పట్టరేమోనని భయపడి, దోమకాట్లని చెప్పి, సంతలో ఎంత వస్తే అంతకు అమ్మివేసినాడు. మూడు వారాలలో కొన్నవాని వీధిలోని ఆవులు పడినవి, తనకు మిగిలిన ఆవూ పడినది. తప్పు ఆ సభ్యునిది ఒక్కనిదే అని మేము అనుకోము. గడ్డలు ఉన్న ఆవు గురించి చెబితే సంఘం తనను వెలివేయదని అతనికి ఎవరూ ముందుగా చెప్పి ఉండలేదు. కార్యదర్శులు ఈ మాట పాల సేకరణ వేళ నలుగురిలో చెప్పాలి. రోగం చెప్పిన సభ్యుని సభ్యత్వానికి, బోనసుకు ఏ నష్టమూ ఉండదని పాలకవర్గం తీర్మానం వ్రాసుకొంటే మరీ మంచిది. మేము తనిఖీకి వచ్చినప్పుడు ఆ తీర్మానం తప్పక చూస్తాము.

చెక్కు తీయడం పశువైద్య సిబ్బంది పని. సభ్యులు బ్లేడుతో తామే గీకరాదు. ఎండి రాలిన చెక్కులో కూడా వైరస్ నెల రోజులకు పైగా బ్రతికి ఉండగలదు గనుక కొట్టంలో రాలినవాటిని ఊడ్చి కాల్చివేయాలి, పెంటకుప్పలో వేయరాదు. పులిపిరుల సంగతి అడిగేవారికి ఒక మాట. చన్నుల మీది పులిపిరులు తరచుగా వాటంతట అవే రాలిపోతాయి. గుర్రపు వెంట్రుకతో కట్టి తెంపడం, సున్నం పెట్టడం చేసి చన్ను పాడుచేసుకోవద్దు. ఆ ఆవును చివర పితికి, చేతులు కడుక్కొంటే చాలు. ముద్దచర్మ గడ్డ దానివలె చర్మం పైన వేలాడదు. గుండ్రంగా, గట్టిగా, చర్మంలో పాతుకొని ఉంటుంది, ముందు జ్వరం వస్తుంది.

నమూనా తీసిన రోజున కార్యదర్శి సంఘం రిజిస్టరులో కొన్ని వివరాలు వ్రాయాలి. లాబొరేటరీ వారు అక్షరాలు ఎంత బాగా చదివినా, ఆ పశువు కథ తెలియకపోతే ఆ చదువు సగమే. చెవిపోగు మీది 12 అంకెల నంబరు, జ్వరం మొదలైన తేదీ, గడ్డలు కనబడిన తేదీ, ఆవు ఇంట పుట్టినదా కొన్నదా, కొన్నదైతే ఏ సంత నుండి ఎప్పుడు వచ్చినది, టీకా ఏ తేదీన వేసినారు, బ్యాచి నంబరు ఎంత, చుట్టుపక్కల జింకలు గాని మరే జంతువులు గాని చచ్చినట్లు ఎవరైనా చూసినారా. తారీఖులు ఉజ్జాయింపుగా వ్రాయవద్దు. గుర్తు లేకపోతే గుర్తు లేదనే వ్రాయండి. తప్పు తారీఖు ఉంటే వైరస్ వచ్చిన దారి లెక్క తలక్రిందులవుతుంది.

కబురు ఎవరికి చేయాలన్నది అందరికీ తెలిసినదే. గ్రామంలోని పశువైద్య సహాయకునికి, లేదా 1962 నంబరుకు ఫోను చేయాలి. డాక్టరు వచ్చేలోగా ఆవును మంద నుండి విడదీసి, కొట్టంలో వేపాకు పొగ వేసి, నీరు, మేత విడిగా పెట్టాలి. తీసిన నమూనా ఐసు పెట్టెలో పోవాలి. ఐసు దొరకడం లేదని ధర్మవరం వైపు కొన్ని సంఘాల నుండి మాకు వచ్చిన ఫిర్యాదు సబబైనదే. శీతలీకరణ కేంద్రంలో అడిగి తీసుకోవచ్చును. నమూనాను పొద్దుటి పాల బండిలో పంపవచ్చునా అని రెండు సంఘాల వారు అడిగినారు. పంపరాదు. పాల క్యాన్లు ఉన్న బండిలో రోగపు చెక్కు ఎట్టి పరిస్థితిలోనూ ఎక్కరాదు. పశువైద్యశాల మనిషి చేతికే ఇచ్చి, ఇచ్చిన వేళ రిజిస్టరులో వ్రాసి, ఆయన సంతకం తీసుకోవాలి.